పుంగనూరు చెరువులో స్టీమరు

అంకయ్య స్టీమరు బల్లలకు అవిసె నూనె రుద్దుతున్నాడు. రుద్దుతూనే ఓరకంట ఒడ్డుమీది సిద్ధమ్మను కనిపెడుతున్నాడు. ఆమె తోపుడుబండి మీద పొయ్యి పెట్టుకుని వేరుశనగకాయలు ఉడకబెట్టి అమ్ముతుంది.

తొంభై ఏడులో ఆ చెక్క స్టీమరును గోదావరి దగ్గర విడదీసి, లారీలో తెచ్చి, పుంగనూరు పక్క చెరువులో దింపారు. హార్స్లీ హిల్స్‌కు పోయేవాళ్ళు ఆగి ఒక చుట్టు తిరిగి పోతుంటారు. మూడేళ్ళుగా దాని కాపలా, తుడుపు, నూనె అన్నీ అంకయ్యే. యాభై దాటిన మనిషి. జిడ్డు ఇంకి గోళ్ళు నల్లబడిపోయాయి. అనుమానమంటే మామూలు అనుమానం కాదు మహానుభావుడికి! పెళ్ళాం పప్పు పలచగా చేస్తే, మిగిలిన పప్పు పుట్టింటికి పోయిందనుకునే రకం.

నూనె గుడ్డల్ని రోజూ కంపచెట్ల మీద పరిచి ఆరబెట్టేవాడు. నూనె అమ్మే ఫక్రుద్దీన్ అలాగే చేయమన్నాడు. ఎందుకని ఇతను అడగలేదు. ఈ వారంలో రెండు గుడ్డలు మాయమయ్యాయి.

"సిద్ధమ్మా, పొయ్యి అంటించేదానికి నా గుడ్డలే దొరికినాయా?"

"నీ జిడ్డుగుడ్డలు నాకు యాలప్పా? గాలికి యాడ పడినాయో సూడు."

గాలికట! అంకయ్య నమ్మలేదు. ఆ రోజు గుడ్డలన్నీ ముద్దచేసి, స్టీమరులో బల్లకింది చెక్కపెట్టెలో కుక్కి తాళం వేశాడు. ఇప్పుడు ఎత్తుకుపో చూద్దాం అనుకుంటూ సంగటి తినడానికి గట్టు దిగాడు.

తిని కునుకు తీస్తుంటే పొగ వాసన కొట్టింది. పరుగెత్తుకొచ్చేసరికి స్టీమరు నడుమ మంట లేచింది. మూడేళ్ళు నూనె తాగిన చెక్క, ఊరుకుంటుందా? జనం బిందెలు తెచ్చేలోపే కప్పు కూలింది. చుట్టూ చెరువెడు నీళ్ళుండి ఏం లాభం! మిగిలిన అడుగుభాగం సుయ్‌మంటూ మునిగింది. అంకయ్య పసివాడిలా ఏడ్చాడు. ఏడుస్తూనే వేలు చూపించాడు.

"దీని పొయ్యి నిప్పే సార్! ఇదే కాల్చింది!"

స్టీమరు కాంట్రాక్టరు సిద్ధమ్మను ఇంకెప్పుడూ చెరువు దగ్గరికి రావద్దన్నాడు. ఆమె ఎవరినీ తిట్టలేదు.

"ఇంటికాడ ఇద్దరు ఆడబిడ్డలుండారప్పా. ఈ బండే మాకు కూడు" అని అంకయ్యతో మాత్రం అని, బండి తోసుకుంటూ రోడ్డెక్కింది.

పొగ చూసి వచ్చిన ఫక్రుద్దీన్ నీళ్ళలో తేలే బొగ్గులు చూశాడు. "గుడ్డలు యాడ పెట్నావు అంకయ్యా?"

"పెట్టెలో. తాళమేసి."

"యా అల్లా! ఆ గుడ్డలు ముద్దసేసి పెడితే లోపల్లోపలే కాగి వాటంతట అవే అంటుకుంటాయప్పా. ఆరబెట్టమనింది అందుకే కదా!"

అంకయ్య జీవితంలో మొదటిసారి తనను తాను అనుమానించుకున్నాడు. కాంట్రాక్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, ఆయమ్మ తప్పేం లేదు. నా గుడ్డలే అంటుకునినాయి."

"నిప్పు లేకుండా గుడ్డ అంటుకుంటాదా? ఇందాక ఆమే అంటివి, ఇప్పుడు వెనకేసుకొస్తాండావు. నీకూ ఆమెకూ ఏందప్పా కథ?" కాంట్రాక్టరు కళ్ళు చిట్లించి చూశాడు.

ఆ చూపు అంకయ్యకు కొత్తది కాదు, అచ్చం తనదే. సిగ్గుతో చచ్చిపోయాడు. గబగబా గట్టెక్కాడు. రోడ్డుమీద దూరంగా బండి పోతోంది.

"సిద్ధమ్మా, నిలబడు తల్లీ! నేనే... నేనే కాల్చినా!" అని అరుస్తూ, కాగిన తారు మీద ఉత్తకాళ్ళతో ఆమె వెనక పరుగుతీశాడు. మళ్ళీ ఆ చెరువుకు అతను రాలేదు.

రేవు పక్కన, మండుతున్న స్టీమరు ఎక్కబోతూ కూడా అలవాటుకొద్దీ విడిచిన అతని చెప్పులు, నీళ్ళవైపు తిరిగి, పక్కపక్కనే ఉండిపోయాయి.