గంట మేస్త్రి కోడలు

పైపు కొస మర మీద తెల్ల టేపు చుడుతూ కోడలు పెదాలు కదలకుండా చుట్లు లెక్కపెట్టుకుంటోంది. స్నానాలగదిలో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని మామగారు ఆమె వేళ్లనే చూస్తున్నారు. పొద్దుటినుంచీ చుక్క నీళ్లు లేవనీ, సాయంత్రం ఇంటినిండా చుట్టాలనీ ఇంటావిడ మూడోసారి గుమ్మంలోకొచ్చి దెప్పి వెళ్లింది.

ఊళ్లో అందరూ ఆయన్ని గంట మేస్త్రి అంటారు. జాయింటు బిగించి, కింద పొడి కాగితం పరిచి, నీళ్లు వదిలాక, సరిగ్గా గంటసేపు దాన్నే చూస్తూ కూర్చుంటారు గనక ఆ పేరు. గంట నిండాక కాగితం ఎత్తి చెంపకు ఆనించుకుంటారు. ఏ కాస్త చెమ్మ తగిలినా అంతా విప్పి మళ్లీ మొదటికి.

కాపురానికొచ్చిన కొత్తలో ఆమెకు అదంతా చాదస్తమనిపించింది. ఆ గంటలో మిగతావాళ్లు ఇంకో ఇల్లు చక్కబెట్టుకుపోతారు కదా అని మొగుడి దగ్గర నవ్వింది కూడా. మామగారి కొట్లో ఫోను దగ్గర కూర్చున్నాక గానీ కళ్లు తెరుచుకోలేదు. ఇంతమంది ప్లంబర్లుండగా జనం పక్కింటినుంచి నీళ్లు మోసుకుంటూ నాలుగేసి రోజులు ఈయన కోసమే కాచుక్కూర్చునేవారు. ఒకసారి ఆయన లీకు పోల్చుకోవడంలో పొరబడి బంగారంలాంటి గోడ పగలగొట్టారు. ఇంటాయన చూడకముందే తానే పిలిచి, తప్పు నాదండీ అని చెప్పి, గోడ కట్టి, పలకలు అతికించి మరీ వచ్చారు. ఆ తర్వాత ఆ వీధి వీధంతా ఈ కొట్టుకే ఫోను చేసింది. వ్యాపారానికి నోరుంటే చాలనుకునే ఆమె, దానికి ఇంత గుండె కావాలా అని ఆయన వంక గుడ్లప్పగించి చూసింది.

ఆ రోజే పని నేర్పమని అడిగింది. మొగుడికి పైపులంటే గిట్టదు, బస్సు నడుపుకుంటాడు. మామగారు కాదనలేదు. ఏడేళ్లుగా వెంట తిప్పుకుంటున్నారు. కానీ ఆమె ఎంత బిగించినా, ఆఖర్న రెంచి తను పుచ్చుకుని ఇంకో పావు చుట్టు తిప్పందే ఆయనకు మనసొప్పదు. ఈమధ్య మెట్లెక్కుతూ అంతస్తుకోసారి ఆగి ఎగరోజుతున్నారు. ఆయన తర్వాత కొట్టు తన చేతిలో నిలుస్తుందా అన్నదే ఆమె బెంగ. ఆ పావు చుట్టు చూసినప్పుడల్లా నిలవదేమో అనిపించేది.

ఇవాళా జాయింటు బిగించి, కాగితం పరిచి, అలవాటుగా పక్కకు జరిగి రెంచి చాచింది. ఆయన అందుకోలేదు.

"ఇంక నేనెందుకమ్మా? పైకెళ్లి వాల్వు తిప్పిరా. ఒక్కసారిగా కాదు, కాస్త కాస్తగా."

ఆమె మూడంతస్తులూ ఒక్క బిగిని ఎక్కేసింది. కాళ్లు నేలమీద ఆనితే ఒట్టు. డాబా మీద వాల్వు కాస్త తిప్పి, చెవి ఒగ్గి, మళ్లీ కాస్త తిప్పింది. పైపులో నీళ్లు మెల్లగా దిగాయి. దిగుతూ ఆయన నేర్పినట్టే అంతస్తంతస్తుకీ ఆగి పైపులు తడిమి చూసుకుంది.

తిరిగొచ్చేసరికి మామగారు గోడకు తల ఆనించి కళ్లు మూసుకుని ఉన్నారు. కునుకు పట్టిందేమో అనుకుంది. కాపలాలో ఆయన కునుకు తీయడం ఆమె ఏనాడూ ఎరగదు.

"మామయ్యా," అంటూ భుజం మీద చెయ్యి వేసింది. ఆయన మెల్లగా ఆమె మీదకు ఒరిగిపోయారు.

కింది వాటాలో ఉండే డాక్టరు పరుగున వచ్చి, నాడి చూసి, గుండె ఆగిందన్నాడు. మొగుడొచ్చి తండ్రిని చూసి గోడకు చేరగిలబడ్డాడు. నలుగురూ ఆయన్ని ఎత్తుకుని మెట్లు దిగుతున్నారు. ఏడుస్తూ వెనకాలే బయల్దేరిన ఆమె గుమ్మంలో ఆగి జాయింటు వంక చూసింది. గంట నిండలేదు. ఇంటావిడ అది కనిపెట్టింది.

"నువ్వెళ్లమ్మా. మిగతాది నేను చూస్తాను," అంటూ వెళ్లి బకెట్టు మీద కూర్చుంది. చుట్టాల ఊసే ఎత్తలేదు.

అప్పుడు కనబడ్డాయి ఆమెకు, మామగారి కళ్లద్దాలు. అవి లేకపోతే ఆయనకు మూరెడు దూరంలో మనిషి మొహమే ఆనదు. అంటే ఆమె పైకెళ్లాక ఆ జాయింటును ఆయన చూడనే లేదు. శుభ్రంగా తుడిచి, కాడలు మడిచి, కిటికీ గట్టు మీద జేబురుమాలు పరిచి దాని మీద పెట్టారు.