డాక్టరమ్మ అడిగిన కల

మా ఆయన పోచన్నకు మందుబిళ్లలు మింగడం వచ్చు గానీ, బాధ చెప్పుకోవడం రాదు. బల్లార్‌పూర్ బొగ్గుగనిలో పట్టుకున్న పాడు అలవాటు, రిటైరైనా పోలేదు. ఆయన ఎడమ చేతిలోంచి రక్తనాళం తీసి గుండెకు అతికించి, బైపాస్ చేసి చాలా ఏళ్లయింది. ఈ మధ్య రాత్రుళ్లు లేచి కూర్చుంటున్నాడు. అడిగితే గ్యాస్ అంటాడు. నాకు ఒళ్లు మండి చంద్రపూర్ ఆసుపత్రికి లాక్కొచ్చాను.

కొత్త డాక్టరమ్మ విద్య మరాఠీ మనిషి. ఈయనకు గనిలో నేర్చిన హిందీ తప్ప మరాఠీ అంతంతమాత్రం. నేను కాలనీ నల్లా దగ్గర మరాఠీ ఆడవాళ్లతో పోట్లాడి నేర్చుకున్నదాన్ని. అయినా నేను మధ్యలో మాట్లాడనని ముందే ఒట్టు వేయించుకున్నాడు.

"రాత్రీ కధీ కళ్ యేతే కా?" అని అడిగింది విద్య.

ఆయన నవ్వాడు. "నహీ మేడమ్. నీంద్ బహుత్ అచ్ఛీ ఆతీ."

ఆమె తలూపి పాత మందులే రాయబోయింది. నిద్ర సంగతి ఎవరడిగారు? ఈ మహానుభావుడు కళ్‌ను కల అనుకున్నాడు! ఒట్టు తీసి గట్టున పెట్టాను.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! డాక్టరమ్మకు నీ కలలతోని ఏం పని? కళ్ అంటే నొప్పయ్యా, నొప్పి! రాత్రి నొస్తదా అని అడుగుతుంది!"

"గట్టిగ మాట్లాడకు సమ్మక్కా. అందరు వింటుండ్రు."

"విననియ్యి! గ్యాసా, నొప్పా?"

ఆయన నేలచూపులు చూశాడు. "వస్తది. రోజూ వస్తది. చెయ్యి దాకా గుంజుతది."

అదే మాట మరాఠీలో చెప్పాను. విద్య వెంటనే ఇసీజీ తీయించింది. ఆ కాగితం చూశాక ఆమె ముఖం మారిపోయింది. అతికించిన నాళం కూడా మనిషితోపాటే ముసలిదవుతుందట. వయసులో సాగినట్టు ఇప్పుడు సాగదట, ఒక్కోసారి బిగుసుకుపోతుందట. లోపల ఎంత సన్నబడిందో ఇప్పుడే చూడాలి, ఇంటికి పంపేది లేదు అంది.

వీల్‌చైర్ తెచ్చారు. నడుస్తానన్నాడు. భుజం పట్టి కూర్చోబెట్టాను.

లిఫ్టు దగ్గర ఆయన పిడికిలి బిగుసుకుంది. నుదురంతా చెమట. వెనక నుంచి తోస్తున్న నర్సుకు ఆయన ముఖం కనబడదు. పళ్లు బిగబట్టి నావైపు చూసి నవ్వబోయాడు. ఆ నవ్వు చూసి నాకు చచ్చేంత భయమేసింది.

"ఒర్రు! నొస్తే గట్టిగ ఒర్రయ్యా, నీకు దండం పెడత! సిగ్గెందుకు?"

"అమ్మా!" అని అరిచాడు.

వరండా అంతా ఇటు తిరిగింది. విద్య పరుగెత్తుకొచ్చింది. ఎవరో నాలుక కింద బిళ్ల పెట్టారు. ఇన్నేళ్ల కాపురంలో ఆ మనిషికి అంత గొంతు ఉందని నాకు తెలియదు. "ఇంకా ఒర్రు, ఆపకు" అని ఏడుస్తూ పక్కనే పరుగెత్తాను. పరీక్ష గదిలోకి తీసుకుపోయి తలుపు మూశారు. అయినా ఆ కేక బయటికి వినబడుతూనే ఉంది. అది వినబడినంతసేపూ నా మొగుడు బతికే ఉన్నాడు.