జారని నేల

"ఆట లేదు," అన్నాడు కోచ్ హాల్వర్సన్, డ్రెస్సింగ్ రూము తలుపు తీసీ తియ్యకముందే. "నేల తడిగా ఉందని రిఫరీలు తేల్చేశారు. అబ్బాయిలూ, టైటిల్ మనదే!"

జట్టంతా ఎగిరి గంతేసింది. కెప్టెన్ ఐజాక్ నీమెలా మాత్రం బల్ల మీంచి లేవలేదు. లేసులకి రెండేసి ముళ్ళు వేసుకుని, మోకాలికి పట్టీ చుట్టుకుని, సాయంత్రం నుంచీ కాళ్ళాడిస్తూ కూర్చున్నాడతను. ఆకలి మీద భోజనానికి కూర్చున్నవాడి ముందునుంచి విస్తరి లాగేసి, పైగా కడుపు నిండింది కదా అని అడిగినట్టుంది అతనికి.

ఉత్తర సరస్సుల కాన్ఫరెన్స్ అంటే బయటి ప్రపంచంలో ఎవరికీ పట్టని పది చిన్న కాలేజీల బాస్కెట్‌బాల్ కూటమి. టీవీలో చూపించరు, పేపర్లో ఓ మూల వేస్తారు. అయినా నవంబరులో మొదటి మంచు పడ్డప్పుడు మొదలై, ఆ మంచు రోడ్ల పక్కన మసిబట్టి నల్లబడేదాకా సాగే ఈ సీజన్ కోసం ఇక్కడివాళ్ళు ప్రాణం పెడతారు. కెటిల్ రివర్ కాలేజీ గెలిచి పదహారేళ్ళయింది. ఐజాక్ చేరిన ఏడాది జట్టు అందరికన్నా అడుగున ఉంది. ఆ ఏడు ఊళ్ళో బేకరీవాడు కూడా మాంసం కూరిన పాస్టీ పొట్లం కట్టిస్తూ, "ఏం బాబూ, ఈ వారం ఎంత తేడాతో ఓడారు?" అని అడిగేవాడు. అక్కణ్ణుంచి ఒక్కో మెట్టే ఎక్కి, ఈ చివరి ఏడాదికి పైకొచ్చారు. సెయింట్ ఓడిల్ కాలేజీకన్నా ఒక్క గెలుపు ఎక్కువ. చివరి ఆట ఆ సెయింట్ ఓడిల్‌తోనే, అదీ సొంత హాల్లో. జనవరిలో వాళ్ళ ఊళ్ళో జరిగిన ఆట వాళ్ళు గెలిచారు. కాబట్టి ఇదీ గెలిస్తే గెలుపులు సమానమైనా, ఎదురెదురు ఆటల లెక్కలో టైటిల్ వాళ్ళది, ఓడితే వీళ్ళది. ఇంతకన్నా తేటగా ఉండే లెక్క ఉండదు.

కానీ ఆట ఆడకపోతే? చివరి రోజు ఆగిపోయిన ఆటని మళ్ళీ పెట్టడానికి వీల్లేదని కాన్ఫరెన్స్ నియమం. దాన్ని లెక్కలోంచి తీసేస్తారు. అప్పుడు పైన ఉన్నవాడు పైనే ఉండిపోతాడు. చెమట చుక్క చిందకుండా ఛాంపియనైపోతాడు.

"ఫ్యాన్లు పెడితే ఆరిపోతుంది కదా కోచ్?" అన్నాడు ఐజాక్.

"పాత ఫ్యాన్లు. పనిచెయ్యవు."

"తొమ్మిదింటిదాకా ఆగుతామని వాళ్ళ కోచ్ అన్నాడట కదా?"

"వాళ్ళు ఆగుతారు. మనకేం ఖర్మ?" హాల్వర్సన్ నవ్వాడు. కొత్త తోలు బూట్లు వేసుకొచ్చాడాయన, అడుగు నున్నగా, పైన అద్దంలా మెరుస్తూ. ఆట ఉన్న రోజు ఎప్పుడూ రబ్బరు బూట్లతోనే కనిపించే మనిషి.

ఆ బూట్లు చూస్తుంటే ఐజాక్‌కి మధ్యాహ్నం సంగతి గుర్తొచ్చింది.

కాలేజీకి ఉన్నది ఒక్కటే పెద్ద హాలు. అందులో గడ్డకట్టించిన నీటి మీద హాకీ ఆడతారు. బాస్కెట్‌బాల్ ఉన్నరోజు ఆ మంచు మీద పలకలు పరిచి, వాటిపైన చెక్క నేల బిగిస్తారు. బయట చలిగా ఉన్నంతకాలం ఏ గొడవా లేదు. ఈ ఫిబ్రవరిలో మాత్రం ఎన్నడూ లేనిది రెండు రోజులుగా గోరువెచ్చటి వాన. అలాంటి గాలి లోపలికొస్తే చల్లటి నేలకి చెమట పడుతుంది, ఐసు వేసిన గ్లాసుకి పట్టినట్టే. ఇది ఆ హాల్లో తుడిచే మనిషి దగ్గర్నుంచి కాలేజీ ప్రెసిడెంటు దాకా అందరికీ తెలుసు. అందుకే వెచ్చబడ్డ రోజున మంచు తోడి బయట పోసే ఆ వెనకవైపు పెద్ద తలుపు ఎవరూ తెరవరు.

మధ్యాహ్నం ఐజాక్ ఒంటరిగా బంతి వేసుకుందామని వచ్చినప్పుడు ఆ తలుపు నిలువునా తెరిచి ఉంది. పక్కనే మీట మీద చెయ్యి వేసి హాల్వర్సన్ నిలబడి ఉన్నాడు. "రంగు వాసన కొడుతోంది, కాస్త గాలి రానీ," అన్నాడు. రంగు వేసి నెల దాటింది. ఐజాక్ అప్పుడు ఆలోచించలేదు. మనసంతా ఆట మీదే ఉంది.

ఇప్పుడు ఆలోచించాడు. ఒళ్ళు భగ్గుమంది.

"కోచ్, మధ్యాహ్నం ఆ తలుపు..."

హాల్వర్సన్ దగ్గరికొచ్చి అతని భుజం మీద చెయ్యేశాడు. చెయ్యి బరువుగానే వేశాడు. "నువ్వు కెప్టెన్‌వా, జడ్జివా? పదహారేళ్ళ తర్వాత వచ్చింది. నోరు మూసుకుని తీసుకో. వీళ్ళ మొహాలు చూడు, వీళ్ళ సంతోషం పాడుచేస్తావా?"

ఐజాక్ వాళ్ళ మొహాలు చూశాడు. మొదటి ఏడాది కుర్రాడు ఓవెన్ తువ్వాలు తలకి చుట్టుకుని చిందులేస్తున్నాడు.  ఐజాక్ నోరు మూసుకున్నాడు. రిఫరీలు సంతకాలు పెట్టి, కోట్లు తొడుక్కుని, వానలోకి వెళ్ళిపోయేదాకా అలాగే కూర్చున్నాడు.

తర్వాత అసలు తమాషా మొదలైంది. ఎవరూ ఇళ్ళకి వెళ్ళొద్దనీ, వల కత్తిరించే వేడుక ఉందనీ హాల్వర్సన్ మైకులో ప్రకటించాడు. కాన్ఫరెన్స్ గెలిచినవాళ్ళు నిచ్చెనేసుకుని బుట్టకున్న వలని కత్తిరించి, తలో ముక్కా తీసుకోవడం ఆనవాయితీ. అందరికన్నా చిన్నవాడితో మొదలై కెప్టెన్ దాకా వస్తారు, ఆఖరి పోగు కోచ్‌ది. గెలిచినవాళ్ళు చేసుకునే పని అది! గెలవకుండా చేసుకుంటే అడిగే నాథుడు లేడు.

బ్యాండువాళ్ళు అందుకున్నారు. పనిచెయ్యవన్న పాత ఫ్యాన్లు ఎక్కణ్ణుంచో బయటికొచ్చి రెండు మూలలా గిర్రున తిరిగాయి. గంట తిరిగేసరికి నేల కరకరలాడుతూ ఆరింది. నిచ్చెన తెచ్చి బుట్ట కింద నిలబెట్టారు. దాని కాళ్ళు అంగుళం జరగలేదు.

దీనంతటినీ పైవరుసలో కూర్చుని చూసేవాళ్ళున్నారు. సెయింట్ ఓడిల్ జట్టు ఇంకా వెళ్ళలేదు. వాళ్ళ బస్సు డ్రైవరు వచ్చేటప్పుడు ఐదు గంటలు నడిపాడు. బస్సు కంపెనీ నియమం ప్రకారం అతను నిద్రపోయి లేస్తేగాని బస్సు కదలదు. పాపం, ఆటవేళకి పడుకుని తర్వాత నడుపుదామనుకున్నాడతను. ఆట లేకపోయినా నిద్ర మాత్రం పూర్తి కావాలి. అందుకని ఆ పిల్లలు ఆటబట్టల మీదే కోట్లు వేసుకుని, చల్లారిన పిజ్జా నములుతూ, తమది కావలసిన పండగని గుడ్లప్పగించి చూస్తున్నారు.

ఓవెన్ మొదట ఎక్కాడు. ఒక పోగు కత్తిరించి, మూడో మెట్టు మీంచి దూకి, ఒంటికాలి మీద బొంగరంలా తిరిగాడు. వాడి వెనక ఒక్కొక్కడూ ఎక్కడం, దూకడం, ఒకడి ఛాతీని ఒకడు గుద్దుకోవడం. ఐజాక్ వంతు వచ్చేసరికి వల రెండు పోగుల మీద వేలాడుతోంది. ఒకటి అతనిది, ఒకటి కోచ్‌ది.

అతను కత్తెర పట్టుకుని రెండు మెట్లెక్కాడు.

"కెప్టెన్‌గారూ!" పైవరుస నుంచి కేక వచ్చింది. సెయింట్ ఓడిల్ కెప్టెన్ మార్క్విస్ టిల్మన్. "జాగ్రత్తండోయ్! నేల తడిగా ఉందంట, జారి పడతారు!"

వాళ్ళ జట్టు నవ్వింది. అది నవ్వు కాదు, మొహాన ఉమ్మేసినట్టు ఉంది. వీళ్ళ జట్టు కూడా నవ్వింది. అది ఐజాక్‌కి మరీ మండింది.

అతను నిచ్చెన దిగాడు. కత్తెర మెట్టు మీద పెట్టాడు. బంతుల బండిలోంచి ఒక బంతి తీసుకుని, నిలువునా ఆ చివరిదాకా పరిగెత్తాడు. గీత దగ్గర ఒక్కసారిగా ఆగి వెనక్కి తిరిగాడు. షూ కీచుమంది. ఆరిన చెక్క మీద రబ్బరు చేసే చప్పుడది, బాస్కెట్‌బాల్ ఆడినవాడెవడికీ వేరే చెప్పక్కర్లేదు. సగందాకా వెళ్ళి, మళ్ళీ అదే గీత దగ్గరికి పరిగెత్తుకొచ్చి ఆగాడు. మళ్ళీ కీచుమంది. బ్యాండులో ఒక్కొక్క వాయిద్యం ఆగిపోయింది.

"ఒరే ఐజాక్, ఏమైందిరా నీకు?" అంది మొదటి వరుసలోంచి మిసెస్ కొస్కి. ఊరి బడిలో మూడో తరగతి పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. ఊళ్ళో సగంమందికి కూడికలు నేర్పింది ఆవిడే. గ్రెగ్ హాల్వర్సన్‌కీ నేర్పింది, ఐజాక్‌కీ నేర్పింది. ఇప్పటికీ ఎవరినైనా ఒరే అనే పిలుస్తుంది.

 ఐజాక్ పైవరుస వైపు బంతి ఎత్తి చూపించాడు. "టిల్మన్! మీ బస్సు కదిలేదాకా ఆడదాం, రా! నేల ఆరిపోయింది. ఎవరు గెలిస్తే వల వాళ్ళది."

తను గొప్ప మాటే అన్నాననుకున్నాడు. టిల్మన్ చేతిలో పిజ్జా ముక్క పెట్టెలో పడేసి, మెట్లు దిగొచ్చి, నేల అంచున ఆగాడు. లోపల అడుగు పెట్టలేదు.

"ఇప్పుడాడితే అది ఎవరి లెక్కలో పడుతుంది?" అన్నాడు.

"లెక్కదేముంది? మనకి తెలుస్తుంది కదా."

"నీకు తెలియడం కోసం నేనాడాలా?" టిల్మన్ గొంతు పెంచలేదు. "నాకూ ఇదే చివరి ఏడాది. మా అమ్మ మిల్వాకీ నుంచి ఇంత దూరం వానలో కారేసుకొచ్చింది. ఖాళీ కోర్టు చూసి తిరిగి పోయింది. నేల ఎలా తడిసిందో నీకు తెలుసా, తెలీదా? అది చెప్పు."

ఐజాక్ చూపు వెనక తలుపు వైపు మళ్ళింది.

"తెలుసన్నమాట. మరి రిఫరీలు ఇక్కడ ఉన్నప్పుడు ఏం చేస్తున్నావు?"

"మా కోచ్‌ని అడిగాను..."

"మీ కోచ్‌ని!" టిల్మన్ తల ఊపాడు. "దొంగని అడిగావు, దొంగతనం జరిగిందా అని. భలే కెప్టెన్‌వయ్యా. పోయి వల కత్తిరించుకో."

వెనక్కి తిరిగి మెట్లెక్కిపోయాడు.

అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. అదే ఐజాక్‌ని దహించింది. ఇంతసేపూ కోపమంతా హాల్వర్సన్ మీదే అనుకున్నాడు. తన మీద ఎంత ఉందో ఇప్పుడు తెలిసింది. ఊరికే మనసులో మండిపడుతూ కూర్చోవడం ఎవడైనా చేస్తాడు. ఆ మంటతో ఎవరికేం ఒరిగింది? ఈ సాయంత్రం తను చేసిన ఘనకార్యమల్లా షూ కీచుమనిపించడం, అదీ రిఫరీలు వెళ్ళిపోయాక!

"ఐజాక్, చాలించు! వచ్చి నీ ముక్క కత్తిరించు," అని అరిచాడు హాల్వర్సన్, అవతలి బుట్ట కింద నిచ్చెన పట్టుకుని. "జనం చూస్తున్నారు."

నిజమే, జనం చూస్తున్నారు. ఐజాక్ బంతిని కింద వదిలేశాడు. మైకు ఉన్న బల్ల ఈ చివరన ఉంది. నడిచి వెళ్ళి మైకు అందుకున్నాడు.  ఈ నాలుగేళ్ళూ కళ్ళ ముందు తిరిగాయి, అడుగునున్న ఏడాది, పాస్టీ బేకరీవాడి వెక్కిరింపులు, మంచు గాలిలో బస్సులు ఆగిపోయిన రాత్రులు. చెప్తే టైటిల్ పోతుంది. తనది మాత్రమే కాదు, ఓవెన్‌ది, అందరిదీ పోతుంది. రేపు ఊళ్ళో ఎవడూ మొహం చూడడు. చెప్పకపోతే జన్మంతా ఆ పోగుముక్క సొరుగులో దాచుకుని తిరగాలి.

"ఈ మధ్యాహ్నం వెనక తలుపు తెరిచి ఉంది," అన్నాడు. హాలంతా తన గొంతు తిరిగి తనకే వినిపించింది. "మీట మీద చెయ్యేసి నిలబడింది మా కోచ్. నేను కళ్ళారా చూశాను. నేల అందుకే తడిసింది. రిఫరీలకి అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు, తప్పు నాది. రేపు పొద్దున కాన్ఫరెన్స్ ఆఫీసు తెరవగానే వెళ్ళి ఇదే చెప్తాను. ఇది మేం గెలిచిన టైటిల్ కాదు..."

"ఆపు!"

హాల్వర్సన్ నిచ్చెన వదిలేశాడు. మొహం కందగడ్డలా ఎర్రబడింది. "మైకు కట్టెయ్యండి! వాడికి మతి పోయింది!" అని అరుస్తూ ఆ చివర బుట్ట దగ్గర్నుంచి పరుగందుకున్నాడు. యాభై ఏళ్ళ మనిషి, కొత్త తోలు బూట్లు, నున్నటి అడుగులు. టకటకలాడిస్తూ ఫ్రీ త్రో గీత దాటాడు. మధ్య వలయం దాటాడు. అడ్డంగా ఉన్న బంతిని తప్పించుకుని పక్కకి ఒక మలుపు కూడా తిరిగాడు. వచ్చి బల్ల ముందు ఒక్క ఊపున ఆగి, ఐజాక్ చేతిలోంచి మైకు లాక్కున్నాడు. ఎక్కడా తూలలేదు, ఎక్కడా తడబడలేదు.

 ఓవెన్ తలకున్న తువ్వాలు తీసేశాడు. పైవరుసలో సెయింట్ ఓడిల్ పిల్లలు ఒక్కొక్కరూ లేచి నిలబడుతున్నారు.

మొదటి వరుసలో మిసెస్ కొస్కి పాప్‌కార్న్ సంచి పక్కన పెట్టింది. చేతులు ఒళ్ళో ముడుచుకుంది. మూడో తరగతిలో తప్పు లెక్క చేసినవాణ్ణి నిలబెట్టి అడిగే గొంతుతోనే అడిగింది.

"ఒరే గ్రెగ్! అంత తడి నేల మీద అంత చక్కగా ఎలా పరిగెత్తావురా?"

హాల్వర్సన్ చేతిలో మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది. ఆయన నోరు తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు అందరికీ వినిపించాయి. తల దించి తన బూట్ల వైపు చూసుకున్నాడు.