ఆకుపచ్చ ఫ్యూజు

పదిహేడో వైరు కొసను దీనమ్మ పంటితో ఒలిచింది. ఒలిచే పనిముట్టు మోకాలి పక్కనే ఉంది. అయినా సన్న వైర్ల విషయంలో ఆమెకు తన పన్ను మీదే నమ్మకం. బయటపడ్డ రాగి పోగుల్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క మెలి తిప్పి, కొత్త వైరు కొసతో కలిపి టంకం పెట్టింది. పొగ కళ్ళలోకి కొట్టినా ముఖం తిప్పలేదు. అతుకు మీదికి నల్లటి రబ్బరు గొట్టం జరిపి వేడి తగిలిస్తే అది ముడుచుకుని వైరును పట్టేసింది. గట్టిగా లాగి చూసింది. ఊడలేదు.

"పదిహేడు," అంది పైకే.

ఇంకా ఇరవై నాలుగున్నాయి. గోడ గడియారం పదకొండు దాటింది. సాయంత్రం ఐదింటికి వ్యాన్‌ను తుక్కుకు లాక్కుపోవడానికి టో ట్రక్ వస్తుంది.

వ్యాన్ ఆమెది కాదు, తెలుగు చర్చిది. పాతికేళ్ళు దాటిన బండి, దీనమ్మ గరాజ్‌లో సగమే పట్టింది. తల లోపల, తోక డ్రైవ్‌వేలో. గరాజ్ తలుపును వ్యాన్ నడినెత్తికి ఆనేదాకా దించి, సందుల్లో పాత దుప్పట్లు కుక్కింది. నోవై ఊళ్ళో జనవరి చలి ఆ దుప్పట్లను ఏమాత్రం లెక్కచేయలేదు. వేళ్ళు కొంకర్లు పోయినప్పుడల్లా టీ కప్పును రెండు చేతులా పట్టుకుని, అవి తిరిగి మాట వినగానే కప్పు పక్కన పెట్టేస్తోంది. టీ మాత్రం అలాగే చల్లారిపోతోంది.

డాష్‌బోర్డు కింది నుంచి ఇంజను దాకా పోయే వైర్ల కట్ట కాలిపోయింది. షాపులో దాన్ని హార్నెస్ అంటారు, ఆమె జడ అంటుంది. ఆమె పనిచేసే షాపు చిన్నది. కార్ల కంపెనీలు కొత్త మోడల్ తయారు చేసే ముందు నమూనాగా ఒకటీ రెండూ జడలు అక్కడ అల్లించుకుంటాయి. పెద్ద చెక్క మీద మేకులు కొట్టి ఉంటాయి. వాటి చుట్టూ రంగురంగుల వైర్లు పరిచి, కొమ్మలు చీల్చి, కట్లు కట్టాలి. ఇరవై రెండేళ్ళుగా అదే స్టూలు, అదే చెక్క. భర్త బతికున్న రోజుల్లో ఇంకో కంపెనీలో వైర్ల బొమ్మలు గీసేవాడు. ఆయన గీసిన బొమ్మ ఒకసారి తిరిగి తిరిగి ఈమె చెక్క మీదికే వస్తే, అందులో తప్పు పట్టుకుని ఇంటికొచ్చి చూపించింది. రెండ్రోజులు ఇంట్లో మాటల్లేవు. మూడో రోజు ఆయన దిద్దాడు.

ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. చీరాలలో పదేళ్ళప్పటి నుంచే మగ్గాల ఇళ్ళకు అచ్చు అతకడానికి పోయేది. మగ్గం మీద అయిపోయిన పడుగు కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలపాలి. వేల పోగులు. ఒక్కటి తప్పితే చీర పొడవునా ఆ తప్పు కనిపిస్తుంది. ఇక్కడ షాపులో మొదటి రోజు సూపర్‌వైజరు చేతికి వైర్లిచ్చి ఎలా మెలిపెట్టాలో చూపించబోతే, ఆయన ముగించేలోగా ఆమె నాలుగు కలిపేసింది. మైనం రాసిన దారంతో కట్లు కడుతుంది, టేపు వాడదు. టేపంటే ఆమెకు అసహ్యం.

ఫోను మోగింది. చాండ్లర్‌లో ఉంటున్న కూతురు క్రిస్టీ.

"అమ్మా, లెఫ్ట్ హ్యాండ్ పెయిన్ అన్నావు కదా. డాక్టర్‌కి చూపించావా?"

"సోమవారం చూపిస్తా."

"లాస్ట్ వీక్ కూడా మండే అన్నావ్."

"సోమవారం ప్రతి వారం వస్తదమ్మా, ఎటూ పోదు. ఇప్పుడు పనిలో ఉన్నా."

ఫోను పెట్టేసి ఎడమ భుజాన్ని కుడిచేత్తో నాలుగుసార్లు నొక్కుకుంది. నొప్పి దవడ దాకా పాకి నెమ్మదిగా దిగిపోయింది. పద్దెనిమిదో వైరు అందుకుంది.

చర్చి కమిటీ వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ముసలి బండి, ఒకసారి నిప్పంటుకుంది, వదిలించుకుందాం అన్నారు. ఆ వ్యాన్‌లో ప్రతి ఆదివారం చర్చికి వచ్చే వాళ్ళు నలుగురు. పిల్లల దగ్గర ఉండటానికి వచ్చి, డ్రైవింగ్ రాక, వారమంతా నాలుగు గోడలు చూసే పెద్దవాళ్ళు. వాళ్ళు ఇళ్ళలోనే జూమ్‌లో ఆరాధన చూసుకోవచ్చని తీర్మానం చేయబోతుంటే వెనక వరసలోంచి దీనమ్మ లేచింది.

"ప్రభు భోజనం కూడా జూమ్‌లోనే మింగమంటారా?"

చివరికి కమిటీలో చిన్నవాడు, ఇక్కడే పుట్టి పెరిగిన కెన్నీ, బండి బాగుచేయడానికి శనివారం ఐదింటి దాకా గడువిచ్చాడు.

మూడున్నరకు ముప్పై ఐదో వైరు. అప్పుడు ఫ్యూజుల పెట్టె దగ్గరికి రాక తప్పలేదు. పొద్దుటి నుంచీ ఆ వైపు చూడకుండా పని చేస్తోంది. మూత తీసింది. నీలం రంగు పదిహేను ఆంపియర్ల ఫ్యూజు ఉండాల్సిన చోట ఆకుపచ్చ ముప్పై కూర్చుని ఉంది. ఒక కాలు నల్లబడింది. దాన్ని అక్కడ పెట్టింది ఎవరో దీనమ్మకు బాగా తెలుసు.

క్రిస్మస్ ముందు కేరల్స్ పాడుతూ ఇల్లిల్లూ తిరిగారు. వ్యాన్ నెత్తిన పెద్ద నక్షత్రం, లోపల కీబోర్డు, స్పీకరు. అన్నిటికీ పార్కింగ్ లైటు వైరు నుంచే కరెంటు లాగింది ఆమే. రెండుసార్లు ఫ్యూజు పోయింది. చివరి ఇల్లు ఆ నలుగురిలో ఒకరైన ఏసుపాదం మాస్టారిది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, టై కట్టుకుని నక్షత్రం కోసం కిటికీ దగ్గర నిలబడి ఉంటాడు. చీకటి నక్షత్రంతో ఆ ఇంటికి ఎట్లా పోవడం? డబ్బాలో నీలం ఫ్యూజులు అయిపోయాయి, ఆకుపచ్చది ఒక్కటుంది. పెట్టేసింది. షాపులో కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ ఇరవై రెండేళ్ళుగా ఏది చేయొద్దని చెప్పిందో సరిగ్గా అదే చేసింది. ఫ్యూజు పోలేదు, దాని బదులు జడ కాలింది. వ్యాన్‌లోంచి అందరూ మంచులోకి దూకారు. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు.

ఎలుకలు కొరికి ఉంటాయన్నారు ఒకరు. పాత వైరింగ్ అంతేనన్నారు ఇంకొకరు. దీనమ్మ నోరు మెదపలేదు. ఆమె పని మీద ఇంతవరకు ఎవరూ వేలెత్తి చూపలేదు. మూడు వారాలు ఆ పేరు కాపాడుకుంది, మూడు వారాలూ సరిగ్గా నిద్రపోలేదు.

ఆకుపచ్చ ఫ్యూజును స్వెట్టర్ జేబులో వేసుకుని ముప్పై ఆరో వైరు పట్టుకుంది.

ఐదుకు పది నిమిషాలుండగా కెన్నీ వచ్చాడు. దీనమ్మ తలుపు పూర్తిగా ఎత్తి, తాళం తిప్పింది. వ్యాన్ రెండుసార్లు దగ్గి అందుకుంది. హెడ్‌లైట్లు, వెనక లైట్లు, వైపర్లు, హారను, ఒక్కొక్కటీ వేసి చూపించింది. కెన్నీ వంగి, దారం కట్లతో బిగిసి ఉన్న జడను చూసి ఈల వేశాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"ఆంటీ, దిస్ ఈజ్ అమేజింగ్. కానీ ఓల్డ్ వైరింగ్ కదా. ఒకసారి ఇట్‌సెల్ఫ్‌గా బర్న్ అయింది. మళ్ళీ అయితే? పెద్దవాళ్ళు లోపల ఉంటారు. నేను రిస్క్ తీసుకోలేను."

టో ట్రక్ వీధి మలుపు తిరుగుతోంది. దీనమ్మ జేబులోంచి ఫ్యూజు తీసి అతని అరచేతిలో పెట్టింది.

"దానంతట అది కాలలేదయ్యా. నేను కాల్చా. పదిహేను పెట్టాల్సిన చోట ముప్పై పెట్టా. తెలిసే పెట్టా."

కెన్నీ ఆమె వైపు చూశాడు. "మరి ఎందుకు చెప్పలేదు ఆంటీ?"

"సిగ్గేసింది. ఇప్పుడు చెప్తన్నాగా. నన్నేమన్నా అనండి, నిలబడి మాటలు పడతా. చెయ్యని తప్పుకి బండిని తుక్కులో వేస్తానంటే మాత్రం ఊరుకునేది లేదు."

"కమిటీకి చెప్పాలి."

"నేనే చెప్తా. మైకు ఇస్తే మైకులో చెప్తా."

కెన్నీ ఫ్యూజును వెనక్కి తిప్పీ ముందుకు తిప్పీ చూసి, ఆమె చేతికే ఇచ్చాడు. డ్రైవ్‌వే చివరికి నడిచి టో ట్రక్ డ్రైవరుతో ఏదో మాట్లాడాడు. ట్రక్ ఖాళీగా వెనక్కి పోయింది.

మర్నాడు నలుగురినీ వ్యాన్‌లోనే తీసుకొచ్చింది. ప్రకటనల సమయంలో మైకు అడిగి పుచ్చుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది, తల దించుకోలేదు. ఆరాధన అయ్యాక నలుగురినీ ఇళ్ళ దగ్గర దింపి, వ్యాన్ తన డ్రైవ్‌వేలో పెట్టి, కోటు కూడా విప్పకుండా హాల్లో కుర్చీలో కూర్చుంది. సోమవారం ఏడింటికి షాపులో ఆమె స్టూలు ఖాళీగా ఉంది. ఎనిమిదింటికి షాపు నుంచి ఎవరో ఆమె ఇంటికొచ్చి తలుపు కొట్టారు. గుండె అన్నారు డాక్టర్లు. వ్యాన్ తాళాలు కోటు జేబులో దొరికాయి.

సమాధి కార్యక్రమం అయిన తర్వాతి ఆదివారం ఆ తాళాలతో కెన్నీ బయల్దేరాడు. ఎవరూ చెప్పలేదు, తనంతట తనే వచ్చాడు. ఏసుపాదం మాస్టారు టై సర్దుకుంటూ ముందు సీటు ఎక్కాడు. కదిలే ముందు కెన్నీ ఫ్యూజుల పెట్టె మూత తీశాడు. మూత లోపలి వైపు ఒక కాగితం అంటించి ఉంది. అతనికి తెలుగు మాట్లాడటమే వచ్చు.

"అంకుల్, ఇది ఏంటో చదువుతారా?"

మాస్టారు కళ్ళద్దాలు పెట్టుకుని, తరగతిలో పాఠం చదివినంత గట్టిగా చదివాడు.

"ఇక్కడ పదిహేనే. అది పోతే ఎందుకు పోయిందో వెతకండి, పెద్దది పెట్టొద్దు. నేను పెట్టాను, కాల్చాను, మళ్ళీ అతికాను. దీనమ్మ."

సంతకం కింద కాగితానికి రెండు చిల్లులు పొడిచి, మైనం దారంతో రెండు ముళ్ళు వేసి బిగించిన ఆకుపచ్చ ఫ్యూజు, ఒక కాలు నల్లగా.