పదకొండేళ్ళకి పలకరింపు

కొల్లేటి పక్కన మా ఊరికీ, గట్టు అవతలి ఊరికీ పోయిన వేసవిలో రాజీ కుదిరింది. రెండు వైపుల పెద్దలూ ఏలూరు వెళ్ళి దండలు మార్చుకుని ఫోటో దిగారు. అందులో నవ్వని మొహం ఒక్కటీ లేదు. పదకొండేళ్ళ కిందట చేపల చెరువు కోసం కొట్టుకున్న రోజున పోయిన ఇద్దరి గురించి మాత్రం ఎవరూ నోరెత్తలేదు. ఒకరు మా బావగారు తాతారావు. రెండోవారు అవతలి ఊరి సత్యవతిగారి భర్త. ఆనాటి నుంచీ ఒక ఊరి చావుకి రెండో ఊరివాళ్ళు వెళ్ళింది లేదు.

"వాళ్ళల్లో ఒక్కరైనా వచ్చి నా కొడుకు కోసం కూర్చోవాలి. అప్పటిదాకా నాకు రాజీ లేదు," అనేవారు మా అత్తగారు అచ్చాయమ్మ. మొండితనంలో ఆవిడకి ఆవిడే సాటి.

నిన్న పొద్దున్న సత్యవతిగారు ఒక్కరే మా వాకిట్లో ఆటో దిగారు. నా నోరు ఊరుకుంటేగా.

"రండి, కూర్చోండి," అన్నాను.

అత్తగారు నన్ను కళ్ళతోనే నమిలేశారు. పలకరింపుకి వచ్చినవాళ్ళని రమ్మనకూడదు, వెళ్ళేవాళ్ళు వెళ్ళొస్తామని చెప్పకూడదు. పదకొండేళ్ళ తర్వాత వచ్చినా అది చావింటి పలకరింపేనని నాకు తట్టలేదు. పైగా కాఫీ కూడా కలుపుకొచ్చాను. ఎవరూ ముట్టుకోలేదు.

సత్యవతిగారు బావగారి ఫోటో ఎదుట కింద కూర్చున్నారు.

"మావారిదీ ఈ వయసేనండీ," అన్నారు.

అంతే, ఆవిడా అత్తగారూ, పోయినవాళ్ళు నిన్నో మొన్నో పోయినట్టు ఏడ్చారు. వీధిలో చేపల లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. ఎవరూ తల తిప్పలేదు.

కాసేపటికి సత్యవతిగారు కళ్ళు తుడుచుకుని, మాట్లాడకుండా లేచి గుమ్మం దిగారు.

"సత్యవతిగారూ," అని పిలిచారు అత్తగారు. అలా వెళ్ళే మనిషిని వెనక్కి పిలవడం కూడా తప్పే.

"ఈసారికి చెప్పకుండానే వెళ్ళండి. రేపు నేను మీవారి కోసం వస్తాను. నేనూ చెప్పకుండానే లేస్తాను. ఆ తర్వాత మా ఇంటికి వచ్చినప్పుడు మటుకు, వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళాలండీ."

ఆవిడ తలూపి, మాట లేకుండా ఆటో ఎక్కారు.

అత్తగారు చల్లారిన కాఫీ నా చేతికిచ్చి, రేపటికి ఆటో మాట్లాడమన్నారు. నేను వంటింట్లోకి పోయి చాలాసేపు ఏడ్చాను. బావగారు పోయాకే నేనీ ఇంటికి కోడలిగా వచ్చాను. ఆయన్ని నేనెప్పుడూ చూడనేలేదు.