బండికి బేరం కుదిరిందట

కెనడాలో, మా సస్కచువాన్‌లో మంచు మోకాళ్లదాకా రాగానే పడకా పొయ్యీ అన్నీ ఉన్న మా మోటార్‌హోమ్ బండి ఎక్కి అమెరికాలోని అరిజోనా ఎండలోకి పారిపోవడం, దారిలో స్నేహితుల ఇళ్ల ముందు ఆగుతూ పోవడం, గోధుమ పొలం అమ్మేసినప్పటినుంచీ నాకూ మా ఆయన ఐవర్‌కూ అలవాటు. చలికి గొట్టాలు పగలకుండా బండిలో నీళ్లు ముందే వంపేస్తాం కాబట్టి స్నానాలకు కూడా వాళ్లింటిమీదే పడతాం.

ఈసారి మోంటానాలో ఐవర్ స్నేహితుడు హాల్వర్ ఇంటికి చేరామో లేదో, ఐవర్ అతన్ని మా బండిలోకి లాక్కెళ్లాడు. అరలన్నీ తెరిచి చూపించాడు, పొయ్యి వెలిగించి చూపించాడు. హాల్వర్ టైర్లను కాలితో తన్ని చూసి, తనకు అంత స్తోమత లేదన్నాడు. మాటవరసకన్నాడనుకున్నాను, మొద్దుమొహాన్ని.

తర్వాతి మజిలీ యూటాలో, వెండెల్, డెలోరెస్‌ల ఇల్లు. ఒకప్పుడు మా పక్క పొలం వాళ్లే. డెలోరెస్ నేను కుట్టిన కర్టెన్లను వేళ్లతో నలిపి చూసింది.

"ఇవి మార్చేస్తాలే సిగ్రిడ్, ఏమీ అనుకోకు. గిన్నెలు మాత్రం ఉంచేసి పోతావుగా?" అంది.

ఎవరికోసం ఉంచాలని అడిగాను. దాని మొహం పాలిపోయింది. అప్పుడు బయటపడింది సంగతంతా. ఐవర్ చూపు మందగిస్తోందనీ, వచ్చే ఏటినుంచి స్టీరింగ్ ముట్టుకోవద్దనీ డాక్టర్ చెప్పాడట. హాల్వర్ కాదనడంతో, ఈ ప్రయాణం అయ్యాక బండి వెండెల్‌కు అమ్మడానికి ఫోన్‌లో బేరం కుదిరిందట. హాల్వర్‌కు తెలుసు, వెండెల్‌కు తెలుసు, డెలోరెస్‌కూ తెలుసు. దారి పొడుగునా పక్క సీట్లో కూర్చున్నదానికే తెలీదు.

నాకు ఒళ్లు మండిపోయింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరిముందే నిలదీశాను.

"చెబితే బాధపడతావని" అన్నాడు ఐవర్ పళ్లెంలోకి చూస్తూ. "నేను నడపలేకపోతే ఇంకేముంది సిగ్రిడ్, అయిపోయినట్టేగా."

అయిపోయినట్టేనట! కోతలప్పుడు ధాన్యం లారీని పొలం నుంచి గోదాముకు ఎవరు తోలారు? బురదలో తోలాను, కడుపుతో ఉండీ తోలాను. నీకు వచ్చా అని అప్పుడు ఒక్కరూ అడగలేదు. కోతలవగానే తాళం మళ్లీ ఆయన జేబులోకి పోయేది.

బండి అమ్మేది లేదు, ఇకనుంచి నేను నడుపుతానన్నాను. వెండెల్ పకపకా నవ్వాడు.

"ఇదేమన్నా లారీ అనుకున్నావా తల్లీ? ఇల్లు, చక్రాల మీద ఇల్లు."

"నీ నడుం పట్టేసిన ఏడు నీ గోధుమలు కూడా నేనే తోలాను వెండెల్. ఆ రోజు నవ్వలేదేం?"

నేను ఐవర్ ముందు చెయ్యి చాపాను. రేపు చూద్దామన్నాడు. నేను చాపిన చెయ్యి తియ్యలేదు. చివరికి తాళం ఇచ్చాడు.

బండిని వాళ్ల ఇరుకు వాకిట్లోంచి వెనక్కి తీసి రోడ్డెక్కించాను. చాలా దూరం పోయాం.

"ఆ బోర్డు మీద ఏం రాసుంది?" అన్నాడు ఐవర్ ఉన్నట్టుండి.

పట్టపగలు అంతంత అక్షరాలు కనపడటం లేదా అన్నాను.

"మోంటానాకు ముందునుంచే కనపడటం లేదు."

ఆ మంచు కొండల్లో, లోయల అంచున, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నోరు విప్పకుండా నడిపాడు మహానుభావుడు. నేను బాధపడతాననట. బండి పక్కకు తీసి ఆపాను. ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని, నోటికొచ్చినట్టల్లా తిట్టాను.