చేతిలో బంతి ఉన్నంతసేపు

నేను ఒక బంతిని. ఆడుకునే బంతిని కాను, మాట్లాడించే బంతిని. లోపలంతా స్పాంజి, పైన పసుపుపచ్చ గుడ్డ, ఆ గుడ్డ మీద నవ్వుతున్న ముఖం. కుట్టినవాడు ఆ నవ్వును ఎందుకో మరీ చెవులదాకా లాగేశాడు. అందుకని నా ఎదుట ఎవరు ఏడ్చినా నేను నవ్వుతూనే ఉంటాను. తిట్టుకోకండి, మీలోనూ అలాంటివాళ్లు పెద్ద పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు.

నన్ను బొమ్మల కొట్లో కొన్నది మాలిని మేడం. ఉద్యోగులు భయం లేకుండా పనిచేసే వాతావరణం ఎలా తయారుచేయాలో కంపెనీలకు నేర్పడం ఆవిడ వృత్తి. ఆవిడ బ్యాగులో పడి హైదరాబాదులో చాలా ఆఫీసులు తిరిగాను. అందరూ గుండ్రంగా కూర్చుని నన్ను ఒకరి మీదికొకరు విసురుకునేవారు. నేను ఎవరి చేతిలో ఉంటే వాళ్లు మనసులో మాట చెప్పాలి. చెప్పినందుకు వాళ్లను ఎవరూ ఏమీ చేయకూడదు. అదీ నియమం. అక్కడివాళ్లు నన్ను గుండెలకు హత్తుకుని, ఏసీ మరీ చల్లగా ఉందని చెప్పుకునేవారు. చుట్టూ ఉన్నవాళ్లు ఆ ధైర్యానికి చప్పట్లు కొట్టేవారు. నాకు విసుగొచ్చేది.

తర్వాత మేడం నన్ను కాకినాడ దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీకి తీసుకెళ్లింది. పాఠం చెప్పి, నన్ను మేనేజరు సత్యవరప్రసాద్ గారి చేతిలో పెట్టి వెళ్లిపోయింది. పనివాళ్లు స్వేచ్ఛగా మాట్లాడే ఏర్పాటు ఏదైనా ఉందా అని సరుకు కొనే విదేశీ కంపెనీ అడిగిందట. ఆ ఏర్పాటు నేనే.

అక్కడ పొట్టు ఒలిచేది అంతా ఆడవాళ్లు. తెల్ల కోటు, టోపీ, మాస్కు, మోకాళ్లదాకా బూట్లు వేసుకుని, ఐసు నీళ్లలో చేతులు పెట్టి, షిఫ్టంతా నిలబడే ఒలుస్తారు. కూర్చుంటే చెయ్యి మందగిస్తుందని సూపర్‌వైజరు నూకరాజు నమ్మకం. ఆ సంగతి ఆయన కుర్చీలో కూర్చునే కనిపెట్టాడు.

ప్రతి సోమవారం క్యాంటీన్లో నన్ను విసిరేవారు. నన్ను పట్టుకున్న మనిషి అంతా బాగుందండి అనేసి పక్కామె ఒళ్లోకి తోసేసేది. ఆ తోయడంలో ఉన్న చురుకు వాళ్లకు రొయ్యలు ఒలవడంలో కూడా ఉండేది కాదు.

ఒక సోమవారం ఎస్తేరు నన్ను పట్టుకుని వదల్లేదు. ఆమెకు ఆరో నెల. అంతకుముందు ఒక కడుపు ఇదే హాల్లో పోయింది. ఈసారి కూడా ఇలా గంటల తరబడి నిలబడితే బిడ్డ దక్కడం కష్టమని డాక్టరమ్మ చెప్పేసింది. పక్కనే నిలబడి ఒలిచే లోవకుమారి ఆమెకు ప్రాణస్నేహితురాలు. బంతి నీ చేతిలో ఉందిగా, నిన్నెవరేం చేస్తారు అంటూ మోచేత్తో పొడిచింది ఆవిడే.

"నిలబడలేకపోతన్నానండి. కూకుని ఒలుచుకోడానికి ఓ స్టూలు ఇప్పించండి సార్. తక్కువేం ఒలవనండి. ఈ బిడ్డ నాకు కావాలండి," అంది ఎస్తేరు.

ఆమె వేళ్లు నా లోపలికంటా దిగిపోయాయి. నన్ను నిజంగా నమ్మిన మనిషి ఆమె ఒక్కతే. సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు చాలా గర్వంగా అనిపించింది.

మేనేజరు గారు లేచి ఆమె దగ్గరకొచ్చారు. ఆయన ఎవరినీ పల్లెత్తు మాట అనరు. చేతులు వణుకుతున్నాయి తల్లీ, ఇలా ఇవ్వు అంటూ నన్ను మెల్లగా తీసుకున్నారు. అప్పుడు ఎంతో ఆప్యాయంగా, ఇంతకుముందు ఎవరినైనా అడిగావా అన్నారు.

"నూకరాజు గారిని అడిగానండి. కడుపుతో ఉన్నోళ్లు ఇంటికాడ కూకోవాలి, ఇక్కడ కాదన్నారండి."

మేనేజరు గారు తల పంకించి చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు.

మర్నాడు విచారణ పెట్టారు. స్టూలు అడిగినందుకు కాదు. ఆ మాట నేను ఆమె చేతిలో ఉండగా అన్నది, దానికి శిక్ష లేదు. కానీ పై ఉద్యోగి మీద అందరి ముందూ నింద వేసినప్పుడు బంతి ఎవరి చేతిలో ఉంది? ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి అడిగారు. నన్ను బల్ల మీద పెట్టారు. అబద్ధం చెప్పించడం మేనేజరు గారికి గిట్టదు, ఉన్నదే చెప్పమన్నారు. అందరూ ఉన్నదే చెప్పారు. లోవకుమారి చాలాసేపు నావైపు చూసింది. నా ముఖంలో నవ్వు తప్ప ఏముంటుంది?

"సార్ చేతిలో ఉందండి," అంది చివరికి.

ఎస్తేరును ఐసు గది గుమ్మం దగ్గర ట్రేలు అందించే పనికి మార్చారు. అదీ నిలబడే. పైగా బరువు. ఇది శిక్ష కాదు, మార్పు మాత్రమే అన్నారు. ఆ రోజు నుంచి ఆమె పక్కన కూర్చుని అన్నం తినడానికి అందరికీ భయమే. లోవకుమారి కూడా ముఖం చాటేసింది. కొన్నాళ్లకు ఎస్తేరు ఆ గుమ్మంలోనే కూలబడిపోయింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. బిడ్డ దక్కలేదు. ఆమె మళ్లీ పనికి రాలేదు. ఆ వారం నన్ను విసిరితే ఎవరూ పట్టుకోలేదు. నేల మీద దొర్లుకుంటూ పోయి నూకరాజు బూటుకు తగిలి ఆగాను.

ఇంతలో విదేశీ కంపెనీవాళ్లు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. రాత్రికి రాత్రి హాలంతా స్టూళ్లు వెలిశాయి. మా పనివాళ్లు ధైర్యంగా చేసిన సూచన ఇది అని పెద్ద బోర్డు రాయించారు. నన్ను సబ్బు పెట్టి ఉతికి, అద్దాల పెట్టెలో ఉంచి, తాళం వేసి, ఆ బోర్డు కిందే గోడకు బిగించారు. ఇప్పుడు నా మకాం అక్కడే.

తనిఖీకి వచ్చిన దొరసాని చూసి మురిసిపోయింది. అందరూ కూర్చుని ఒలుస్తున్నారు. లోవకుమారి ఒక్కతే స్టూలు కాలితో పక్కకు నెట్టి నిలబడి ఉంది. ఎందుకు కూర్చోలేదో వెంట వచ్చిన తెలుగాయన చేత అడిగించింది దొరసాని.

లోవకుమారి చేతిలోని రొయ్యను ట్రేలో పెట్టి నావైపు చూసింది.

"ఆ బంతి నా చేతికివ్వండి, చెప్తాను," అంది.

మేనేజరు గారు నవ్వేశారు. తాళంచెవి ఇంట్లో మరిచిపోయానన్నారు. తెలుగాయన అదేదో సరదా మాటగా తర్జుమా చేశాడు. దొరసాని కూడా నవ్వి, లోవకుమారి భుజం తట్టి, టీ తాగడానికి వెళ్లిపోయింది. తాళంచెవి మేనేజరు గారి జేబులోనే ఉంది. లోవకుమారి నిలబడే మళ్లీ ఐసు నీళ్లలో చేతులు పెట్టింది.